వేరుపడినారా: అవును / కాదు

ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లో చాలావాటికి ఇంగ్లీషు కారణం. ఒక్కదానికి మాత్రం తెలుగే కారణం. అందులోనూ రెండే రెండక్షరాల మాట: వేరు.

ఇప్పుడు ఆఫీసుల్లో చేరుతున్న పిల్లలు కనిపించినప్పుడు, "మీ రోజుల్లో పని తేలికే కదండీ, కూర్చుని కాగితాలు రాసుకోవడమే కదా" అంటుంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. ఆ కాగితాలు రాసుకోవడంలోనే ఒకసారి సగం ఊరి నోటి దగ్గరి కూడు లాగేయబోయానని చెబితే నమ్మరు. నమ్మినా నమ్మకపోయినా ఈసారి చెప్పేస్తాను.

అరవైల చివరి మాట. పటాన్‌చెరుకూ సంగారెడ్డికీ నడుమ ఒక కర్మాగారం లేస్తోంది. నాకు ఇరవై మూడేళ్లు. కృష్ణ అవతలి నుంచి వచ్చి సిబ్బంది విభాగంలో జూనియర్ గుమాస్తాగా చేరాను. ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు, ప్రొబేషన్‌లోనే ఉన్నాను. పటాన్‌చెరులో రోడ్డు వారగా రేకుల గది ఒకటి కిరాయికి తీసుకున్నాను. లారీ పోయిందంటే గిన్నెలు వాటంతట అవే మోగేవి.

మా సూపరింటెండెంటు హైదరాబాదు పాతబస్తీ మనిషి. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, ఫైలు మీద ఇంగ్లీషు. దవడలో పాన్ లేకుండా ఆయన్ని నేను చూసింది రెండుసార్లే. అందులో ఒకటి ఈ కథలోనే వస్తుంది.

కర్మాగారానికి పొలాలిచ్చిన ఊళ్లలో ఇంటికొక ఉద్యోగం ఇవ్వాలని నియమం. ఇల్లంటే ఏమిటన్నది తర్వాతి ప్రశ్న. ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్లు ఒక ఇల్లు అని పెద్దలు తేల్చారు. భూమి తండ్రి పేరునే ఉన్నా, కొడుకులు అప్పటికే ఎవరి పొయ్యి వాళ్లు పెట్టుకుని ఉంటే చెరొక ఉద్యోగం. కలిసి తింటుంటే అందరికీ కలిపి ఒకటే. దరఖాస్తు ఫారం ఇంగ్లీషులో వచ్చింది. ఊళ్లవాళ్లకు అర్థమయ్యేలా దాన్ని తెలుగులోకి మార్చే పని నాకిచ్చారు. కాలేజీలో తెలుగులో మొదటివాణ్ణని ఏదో సందర్భంలో నేనే చెప్పుకున్నాను లెండి. గొప్పలకు పోతే తిప్పలు తప్పవు.

ఫారమంతా ఒక పూటలో అయిపోయింది. అన్నదమ్ముల పొయ్యిలు ఒకటా, రెండా అని అడిగే ప్రశ్న దగ్గర మాత్రం రెండు రోజులు కూర్చున్నాను. తెలుగులో విడిగా ఉండేవాటికి ఒక మాట కాదు, మాటల కుటుంబమే ఉంది. ‘విడివిడిగా’ అంటే ఒక కట్టలోంచి ఊడదీసినవి, చీపురు పుల్లల్లాగా. ‘వేర్వేరు’ అంటే పుట్టుకతోనే దేని జాతి దానిది, కందులూ పెసలూ లాగా. ‘వేరే’ అంటే ఇది కాదు, ఇంకొకటి. ‘ప్రత్యేకం’ అంటే పక్కన పెట్టడమే కాదు, కాస్త పీట వేసి కూర్చోబెట్టడం కూడా. ఆ మాట ఫారంలో పెట్టనందుకు తర్వాత సంతోషించాను. ఎంతో కాలం గడవకముందే ప్రత్యేక రాష్ట్రం కావాలంటూ అది ఊరూరా గోడలెక్కింది, మా వైపు నుంచి వచ్చిన గుమాస్తాలం ఆ గోడల పక్కన కాస్త వడివడిగా నడిచాం. అది వేరే కథ.

చివరికి ఇలా రాశాను: ‘అన్నదమ్ములు వేరుపడినారా? అవును / కాదు.’ చూసుకుని మురిసిపోయాను. ఇంత చిన్నగా, ఇంత స్పష్టంగా ఇంకెవరు రాయగలరు!

సూపరింటెండెంటు గారు కాగితం చదివి, ఆ ప్రశ్న మీద వేలు పెట్టి ఆగారు.

"అలగ్ అని రాయి మియా. పల్లెల్ల గూడ సమజైతది."

"అది ఉర్దూ కదండీ."

"అయితె ఏమాయె? నువ్వు కూసున్న కుర్చీ ఏ భాష?"

జవాబు లేనప్పుడు మనిషి పట్టుదలకు పోతాడు, నేనూ పోయాను. తెలుగు ఫారంలో తెలుగు మాటే ఉండాలన్నాను. "సరె, చదువుకున్నోనివి" అని ఆయన సంతకం పెట్టేశారు.

ఆ తర్వాతి వారం ఊరి బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాను. ఇళ్లవాళ్లు వరసగా వచ్చారు. ముందు తల్లి, వెనక కొడుకులు. నేను ప్రశ్న చదివేవాణ్ణి, చెప్పింది గుర్తు పెట్టి వేలిముద్ర తీసుకునేవాణ్ణి. పేరు, పొలం, వయసు అన్నీ సాఫీగా సాగేవి. ఆ ప్రశ్న దగ్గరికి రాగానే మొహాలు మారేవి.

"అన్నదమ్ములు వేరుపడినారా?"

"అయ్యో, గట్లెట్లంటవ్ సారు?"

ఇంకొకరు: "మాకేం పుట్టింది వేరువడనీకి?"

ఒక ముసలాయనైతే కండువా దులిపి లేచి నిలబడ్డాడు. "ఎవడు చెప్పిండు నీకు? వాని పేరు చెప్పు."

నేను కంగారుపడి ‘కాదు’ మీద గుర్తు పెట్టాను. వరసగా అందరికీ ‘కాదు’. రెండు రోజుల్లో ఒక్కటంటే ఒక్క ‘అవును’ పడలేదు. నాకు కళ్లు చెమర్చాయి. ఇంత ఐకమత్యం గల ఊరు భూమ్మీద ఉందా అనుకున్నాను. ఆ రోజే మా పెద్దన్నయ్యకు ఉత్తరం రాశాను, ఇక్కడివాళ్లను చూసి మనం బుద్ధి తెచ్చుకోవాలని. దానికి ఆయన జవాబు రాయలేదు.

ఎంపికైనవాళ్ల జాబితా గేటు దగ్గర అంటించాం. ఇంటికొక పేరు, పెద్దకొడుకు పేరు. మర్నాడు పొద్దున్నే ఒక మనిషి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. ముప్పై దాటి ఉంటాయి. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సారు, గీ జాబితల నా పేరున్నది. జెర కొట్టేసి మా తమ్ముని పేరు రాయి."

"ఎందుకు?"

"నాకు పొలం పని తప్ప ఏం రాదు. ఎట్లన్న బతుకుత. వాడు చిన్నోడు, పెండ్లాం పిల్ల ఉన్నరు. పొలం పాయె, నౌకరి గూడ లేకుంటె పరేషానయితడు."

అలా మార్చడం కుదరదన్నాను. సరేనని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంకొకడు వచ్చాడు. అదే ముక్కు, అవే చెవులు.

"సారు, మా అన్న వచ్చిండా?"

"వచ్చాడు."

"ఆయన మాట ఇనకుండ్రి. పేరు కొట్టెయ్యమంటడు. ఆయనకే ఉండనియ్యిండ్రి, నేను బొంబాయి పోత."

నాకు ముచ్చటేసింది. కొంచెం నవ్వు కూడా వచ్చింది. "ఎవరి పేరున ఉంటే ఏమయ్యా, ఒక పొయ్యి మీదే తింటున్నారు కదా" అన్నాను.

"ఒక పొయ్యి ఏడిది సారు? మా వదినెకు, నా పెండ్లాంకు పడది. నా పెండ్లయిన ఏడాదికే రెండు పొయ్యిలైనయి."

నా చేతిలో కలం ఆగిపోయింది. "మరి వేరుపడలేదని చెప్పారేం?"

అతను నన్ను జాలిగా చూశాడు. చదువుకున్న మూఢుణ్ణి చూసినట్టు చూశాడంటే సరిగ్గా ఉంటుంది.

"పొయ్యిలు రెండైతె మనుషులు వేరైతరా సారు? వేరువడ్డరంటె మాటలు బందైనట్టు. ఒకనింట్ల చావైతె ఇంకొకడు పోనట్టు. అవ్వ పక్కపొంటి నిలవడ్డంక గా మాట నోట్లకెట్లొస్తది?"

మా వైపు అన్నదమ్ములు వేరుపడ్డారంటే అదొక కబురు, అంతే. గిన్నెలు పంచుకున్నారని అర్థం. ఇక్కడ అది తిట్టు, తల్లి ముందు అనకూడని మాట. నేను రెండు రోజులపాటు బడి వరండాలో కూర్చుని, తల్లుల ఎదుట నిలబెట్టి, ఊరినంతా ఆ మాట అడిగాను. వాళ్లు మర్యాదగా కాదన్నారు. ఆ మర్యాదకు నేను వేసిన శిక్ష, ఎన్నో ఇళ్లలో చిన్నవాడికి ఉద్యోగం లేకపోవడం. పొలం ఎలాగూ పోయింది.

సూపరింటెండెంటు గారి దగ్గరికెళ్లి అంతా చెప్పాను. ఆయన కిటికీ దాకా వెళ్లి పాన్ ఉమ్మేసి వచ్చారు. ఇదే నేను చెప్పిన రెండు సార్లలో ఒకటి.

"అలగ్ రాయమన్ననా, లేదా?"

"అన్నారండీ."

"ఇంకోసారి అనిపియ్యకు. నడువ్, పెద్దసాబ్ తాన్కి పోదాం. తప్పు ఒక్కనివే చేసినవని చెప్పకు. దస్తఖత్ నాది గూడ ఉన్నది."

పెన్షన్ దగ్గర పడిన మనిషి అలా అనాల్సిన అవసరం లేదు. ఆ మాటకు ఆయన్ని ఇప్పటికీ తలుచుకుంటాను.

పెద్దసాబ్ అంటే మా లేబర్ ఆఫీసరు, ఉత్తరాది మనిషి. తెలుగు రాదు, నవ్వు కూడా తక్కువే. అంతా విని ఫారాల బొత్తి ముందుకు లాక్కున్నారు. వేలిముద్రలు పడ్డ కాగితాలివి, ఇన్ని ‘కాదు’లు ఒక్కసారిగా ‘అవును’లైతే ఎవరో ఏదో పుచ్చుకుని మార్చారంటారు అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. చివరికి ఒక దారి చెప్పారు. వచ్చి వెళ్లిన అన్నదమ్ముల ఇంటికి ఆయనే స్వయంగా వస్తారు. పొయ్యిలు చూస్తారు. ఫారంలో ఉన్న ప్రశ్ననే, అదే మాటతో, ఇంటి పెద్దను నేను అడగాలి. ఇంటి పెద్ద అవునంటే ఆ కాగితం దిద్దుతారు, మిగతా ఇళ్ల సంగతి ఆలోచిస్తారు. కాదంటే జాబితా జాబితాగానే ఉంటుంది. ముందుగా వెళ్లి ఎవరికీ ఏమీ నేర్పకూడదు.

ఇంటి పెద్ద అంటే తల్లి. తండ్రి పోయి చాలా కాలమైంది.

నాలుగో రోజు పొద్దెక్కాక జీపులో వెళ్లాం. మట్టి గోడల ఇల్లు. లోపల ఒక పొయ్యి, వరండా చివర తడిక చాటున ఇంకొకటి. రెండింటి మీదా ఏదో ఉడుకుతోంది. ఆఫీసరు గారు బూట్లు విప్పి లోపలికి వంగి చూశారు, బయటికొచ్చి తడిక చాటుకూ చూశారు, కాగితం మీద రాసుకున్నారు. కోడళ్లిద్దరూ చెరొక గుమ్మంలో నిలబడ్డారు. అన్నదమ్ములు వాకిట్లో ఉన్నారు. తల్లి గడప పక్కన కూర్చుని చాటలో జొన్నలు చెరుగుతోంది.

నేను ఫారం తీసి చదివాను.

"అమ్మా, నీ కొడుకులు వేరుపడినారా?"

చాట ఆగింది. ఆమె తలెత్తి నన్ను చూసింది.

"నీకు అన్నదమ్ములున్నరా బిడ్డా?"

"ఇద్దరన్నలు."

"మీరు వేరువడ్డరా?"

"పడ్డాం." నాకది చాలా తేలిగ్గా వచ్చేసింది.

"అవ్వ ఉన్నదా?"

"ఉంది."

"ఎవరి తాన తింటది?"

"ఒక నెల పెద్దన్నయ్య దగ్గర, ఒక నెల చిన్నన్నయ్య దగ్గర."

ఆమె చాటలోంచి రాయి ఒకటి ఏరి పారేసింది. తిట్టినా బాగుండేది. మా అమ్మ నెల మారినప్పుడు చేతిసంచీ పట్టుకుని వీధి దాటే దృశ్యం, అంతవరకు ఎన్నిసార్లో చూసినది, మొదటిసారి సిగ్గుగా కళ్ల ముందుకొచ్చింది.

"ఈ ఇంట్ల పొయ్యిలు రెండున్నయి గని వంతులు లేవు బిడ్డా," అందామె. "ఆకలైతె ఏ పొయ్యి కాడ కూసుంటె ఆ పొయ్యి కాడ పెడ్తరు. ఒక్కదినం గూడ నీ నెల గాదు పొమ్మనలె. అందుకే మొన్న బళ్లె వేరు గాదన్న."

ఆఫీసరు గారు గడియారం చూసుకుని, ఏమంటోందని హిందీలో అడిగారు. ఆలోచిస్తోంది సాబ్ అన్నాను. అవునో కాదో చెప్పించమన్నారు. నేను మళ్లీ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాను. ఏ మాటా నేర్పకూడదు. ‘అను తల్లీ’ అని మనసులో మాత్రం మొక్కుకుంటున్నాను.

పెద్దకొడుకు అందుకున్నాడు. "అను అవ్వా. ఉత్త మాటే గదా."

"వద్దవ్వా," అన్నాడు చిన్నవాడు. "నౌకరి లేకుంటె లేకపాయె."

"ఉత్త మాటేందిరా పెద్దోడా," అందామె. "నోట్లె నుంచి బయటవడ్డంక అది ఉత్తది గాదు."

తర్వాత చిన్నకోడలి వైపు, ఆమె చంకలోని పిల్ల వైపు చూసింది. చాట పక్కన పెట్టింది. మొహం నావైపు తిప్పకుండా, వాకిలికి చెప్పినట్టు చెప్పింది.

"రాసుకో సారు. నా కొడుకులు వేరువడ్డరు."

చిన్నవాడు గోడకు తిరిగి నిలబడ్డాడు. ఆఫీసరు గారు నన్ను చూశారు. "అలగ్ హైఁ, సాబ్" అన్నాను. ఆయన ‘కాదు’ కొట్టేసి ‘అవును’ మీద గుర్తు పెట్టారు, పక్కన తన సంతకం చేశారు. నేను సిరాదిండు పట్టుకుంటే ఆమె వేలు ఇచ్చింది.

పని అయిపోయిందనుకున్నాను. ఆమె లేచి, గోడకు ఆనించిన రోకలి అందుకుని వరండా చివరికి నడిచింది. చిన్నకోడలి పొయ్యి మీది గిన్నెను కొంగుతో పట్టి దించి కోడలి చేతికిచ్చింది.

"లోపట పొయ్యి మీద పెట్టు."

పెద్దకోడలు గుమ్మంలోంచి కదల్లేదు. తర్వాత ఆమె లోపలికెళ్లి తన కుండను పక్కకు జరిపిన చప్పుడు వినిపించింది. చిన్నకోడలు గిన్నెతో లోపలికి పోయింది.

ముసలామె రోకలి ఎత్తి పొయ్యి మీద వేసింది. ఒక గడ్డ విరిగింది. మళ్లీ ఎత్తింది. కొడుకులిద్దరూ పరుగెత్తుకొచ్చి చెరోవైపు చెయ్యి పట్టుకున్నారు.

"ఇడువుండ్రి! ఇన్నొద్దులు రెండు పొయ్యిలున్నా నేను వేరనలె. ఇయ్యాల నా నోటితోని అన్న. ఇగ ఈ ఇంట్ల రెండు పొయ్యిలుంటె నా మాట నిజమైతది."

కొడుకులు చేతులు వదిలేశారు. పొయ్యి మట్టిగడ్డలైపోతోంది. ఆ మట్టిగడ్డలే మా సాక్ష్యం. కాగితం మీద సిరా ఇంకా ఆరలేదు. ఆఫీసరు గారు కలం పట్టుకుని అలాగే చూస్తున్నారు.

"యే క్యా కర్ రహీ హై?" అన్నారు.

ఏం చేస్తోందని చెప్పను? కూలగొడుతోందంటే ఈ ఇల్లు ఒకటే పొయ్యి అని రాస్తారేమో. ఊరంతా మునుగుతుంది, నా ఉద్యోగం కూడా దాని వెనకే పోతుంది.

"మరమ్మత్ కర్ రహీ హై, సాబ్."

బాగు చేసుకుంటోందన్నాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎన్నో నోటీసులు, ఎన్నో ఫారాలు తెలుగు చేశాను, తెలుగు నుంచి అటూ చేశాను. అంత సరిగ్గా కుదిరిన మాట ఇంకొకటి గుర్తులేదు. ఆయన నన్ను చూశారు, రోకలిని చూశారు, లోపలి పొయ్యి దగ్గర పక్కపక్కన వంగిన కోడళ్లను చూశారు. కలం మూత పెట్టి బూట్లు తొడుక్కున్నారు.

తిరుగుదారిలో సంగారెడ్డి నుంచి వచ్చే బస్సుకు దారిచ్చి జీపు పక్కన ఆగినప్పుడు, ఆయన వెనక్కి తిరగకుండానే, ఆ చిన్నవాణ్ణి సోమవారం నుంచి పనిలోకి రమ్మని కబురు పెట్టమన్నారు. నేను అలాగేనన్నాను. బస్సు దుమ్ము కాస్త అణిగాక ఇంకో మాట అన్నారు.

"బాకీ ఘరోఁ మేఁ చూల్హే గిన్ లో. మాఁ సే మత్ పూఛో."

మిగిలిన ఇళ్లలో పొయ్యిలు లెక్కపెట్టుకో, తల్లిని అడగొద్దు. ఆ వారమంతా నేను ఊళ్లో ఇంటింటికీ తిరిగి పొయ్యిలే లెక్కపెట్టుకున్నాను. తల్లులు ఏం కావాలి బిడ్డా అని అడిగితే, మంచినీళ్లని చెప్పాను.